ఊరికే ఎవురూ ఎగరరు

పేరమ్మకు అనుమానమే ఆస్తి అని పాలెంలో వాళ్ళు నవ్వుతుంటారు. జ్వరమొచ్చి ఆసుపత్రికి పోతే, మాత్ర చేతిలో పెట్టిన నర్సమ్మను ముందు నువ్వొకటి మింగి చూపించమన్న మనిషి ఆమె. ఉచితంగా కళ్ళు పరీక్ష చేస్తామని వ్యాను వేసుకుని వచ్చిన వాళ్ళను, నా కళ్ళతో మీకేం పని అని నిలదీసి, వాళ్ళు చెప్పిన జవాబు నచ్చక వెనక్కి తిరిగి వచ్చేసింది. పొరుగింటి కామమ్మ గిన్నెలో పులుసు పోసి పంపినా, ఆ గిన్నె ఖాళీ అయ్యేలోగా దేనికి పంపిందో కనిపెట్టాలని చూస్తుంది. నమ్మి చెడినవాడు లేడని సామెత కట్టినవాడు మా పాలెం వైపు వచ్చి ఉండడని ఆమె వాదన.

ఆమెను తప్పు పట్టడానికి లేదు. సునామీ వచ్చి పోయిన ఏడు, ఊళ్ళోకి రోజుకొక గుంపు వచ్చి ఫోటోలు తీసుకుంది, వేలిముద్రలు వేయించుకుంది. ఆమె మొగుడు పెంచలయ్య పేరు మీద ఒక పడవ మంజూరైందని చెప్పారు. ఆ పడవ ఎవరి రేవులో తేలిందో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. పెంచలయ్య తన పాత పడవకే మాట్లు వేసుకుని వేట చేశాడు, కొన్నేళ్ళకు ఒక తుపాను ముందు రోజు వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

ఆ పడవను పేరమ్మ తన తమ్ముడు కామాక్షయ్యకు ఇచ్చేసింది. తల్లి చనిపోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. తనకు పిల్లలు లేరు గనుక ఆ చంక ఇంకెవరికీ దక్కలేదు. ఇప్పుడు కామాక్షయ్య పాలెం కాపుల్లో ఒకడు. అంటే నలుగురు పెద్దల్లో ఒకడన్నమాట. లోకంలో పేరమ్మ అనుమానించని మనిషి ఎవరని అడిగితే కామాక్షయ్య ఒక్కడే అని చెప్పాలి.

పడవతో పాటు రంగు కూడా తమ్ముడికి పోయింది. ఆ పాలెంలో ప్రతి ఇంటికీ తనదైన పడవ రంగు ఉంటుంది. అంగట్లో డబ్బా కొని పూస్తే ఎవరైనా పూయవచ్చు కాబట్టి, మగవాళ్ళు రెండు మూడు డబ్బాలు కలిపి తమ రంగు తాము చేసుకుంటారు. దూరాన అల మీద పడవ ముక్కు కనబడితే చాలు, ఎవరి మనిషి తిరిగి వస్తున్నాడో ఒడ్డునున్న ఆడవాళ్ళు చెప్పేస్తారు. పెంచలయ్యది చిలకపచ్చలో పసుపు ఎక్కువ పడి, లేత మామిడాకులా ఉండే రంగు. ఆ పాళ్ళు పేరమ్మ ఎదుటే కలిపాడు. పోయినవాడు రాడని తెలిసినా, సాయంత్రాలు ఆ రంగు అలల మీద కనిపిస్తే ఆమెకు కాసేపు బాగుండేది.

ఆమెకు మిగిలింది దిబ్బ. మైపాడుకు కాస్త ఉత్తరంగా, సముద్రానికీ సర్వి తోపుకూ నడుమ, ఎత్తుగా, తెల్లగా, గడ్డిపరక మొలవని ఇసుక మేట. ఆమె అత్త అక్కడ చేపలు ఎండేసేది, అత్త పోయాక ఆమె ఎండేస్తోంది. నెత్తళ్ళు, సావాళ్ళు, కవళ్ళు, ఏ కాలానికి ఏది పడితే అది. దిబ్బకు కాగితం లేదు. పేరమ్మ దిబ్బ అని అందరూ అనడమే దానికున్న పట్టా. బీచ్ రోడ్డు పక్కన ఒక్కొక్క జాగాకు కంచె పడుతున్న ఈ రోజుల్లో, దిబ్బ పోతే బతుకు పోయినట్టేనని ఆమెకు తెలుసు. అందుకే దిబ్బ వైపు కొత్త మనిషి చూశాడంటే ఆమె కళ్ళు చిన్నవవుతాయి.

అట్లాంటి దిబ్బ మీదికి ఒక మనిషి ఆకాశం నుంచి చూడటం మొదలుపెట్టాడు.

పోయిన ఏడు మాఘమాసంలో మొదటిసారి వచ్చాడు. వీపున ఫ్యానులాంటి మోటారు కట్టుకుని, తడి ఇసుక మీద నాలుగడుగులు పరుగెత్తి, వెనక పరిచిన పొడవాటి గుడ్డ గాలి పోసుకుని లేవగానే దాని కింద వేలాడుతూ పైకి పోయాడు. పైకి పోయాక మోటారు ఆపేశాడు. చప్పుడు లేకుండా తేలుతూ తిరిగాడు. పాలెంలో వాళ్ళు ఆ గుడ్డకు గొడుగు అని, ఆ మనిషికి గొడుగుబాబు అని పేర్లు పెట్టేశారు. అసలు పేరు నరేంద్రబాబు. బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల వ్యాపారం చేసే ఇంటివాడు. ఏభై దాటినవాడు, జుట్టు పలచబడినవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. ఆ మర్యాద చూసే పేరమ్మకు మొదటి అనుమానం వచ్చింది.

రెండో అనుమానం అతను తిరిగే చోటును చూసి వచ్చింది. ఇంత పొడుగు సముద్రపు ఒడ్డు ఉండగా, అతను వచ్చి వచ్చి ఆమె దిబ్బ మీదే గుండ్రంగా తిరుగుతాడు. ఎండ ఎక్కిన తర్వాత, కడలిగాలి మొదలు కాకముందు, సరిగ్గా చేపలు పరిచి ఉన్న వేళకు వస్తాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు, పైకి, ఇంకా పైకి. అంత పైనుంచి కొలతలు కాకపోతే ఏం చూస్తాడు? ఎవరో పెద్దవాళ్ళు పంపి ఉంటారు. హోటలు కడతారు, కాకపోతే రొయ్యల గుంటలు తవ్వుతారు. ఆమె పాత వలలు తెచ్చి చేపల మీద కప్పడం మొదలుపెట్టింది, పైనుంచి లెక్క తెలియకూడదని. చేపలు సరిగ్గా ఎండక రెండు గంపలు ముక్కిపోయాయి. ఆ నష్టం కూడా గొడుగుబాబు ఖాతాలోనే వేసుకుంది.

ఊళ్ళో కొందరు అది సరదా ఎగురుడులే అన్నారు. పేరమ్మ ఒప్పుకోలేదు. పెట్రోలు కాల్చుకుంటూ, కాలో చెయ్యో విరిగే పనిని, రూపాయి రాని పనిని, వయసు మళ్ళినవాడు పని గట్టుకుని వచ్చి చేస్తాడా? గద్ద కూడా లాభం లేకుండా రెక్క ఆడించదు. ఊరికే ఎవురూ ఎగరరు అని ఆమె తేల్చేసింది. ఆ మాట పాలెమంతా పాకింది.

తమ్ముడితో మొర పెట్టుకుంది. కామాక్షయ్య ఆమె అనుకున్న దానికంటే ఎక్కువ కోపం తెచ్చుకున్నాడు. ఆ మనిషిని ఆకాశంలో కూడా తిరగనీయకూడదన్నాడు. అక్క మీద ఎంత ప్రేమ అని పేరమ్మ కళ్ళు తుడుచుకుంది.

వలలు కుట్టే షెడ్డులో కాపులు కూర్చున్నారు. నరేంద్రబాబును పిలిపిస్తే వచ్చాడు, కుర్చీ వేస్తే వద్దని వలల మీదే కూర్చున్నాడు. ఎవరు పంపారని అడిగితే ఎవరూ పంపలేదన్నాడు. కెమెరా చూపించమంటే తన దగ్గర కెమెరా లేదన్నాడు. మరి దేనికి ఎగురుతున్నావని పెద్దకాపు జయరామయ్య అడిగాడు. నరేంద్రబాబు కాస్త సిగ్గుపడ్డాడు.

“ఊరికేనండీ. బాగుంటుంది.”

షెడ్డులో ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అతను ఏ కంపెనీ పేరో చెప్పి ఉంటే కొంత నమ్మేవాళ్ళేమో. ఊరికే అనేసరికి లోపల ఏదో పెద్దదే ఉందని అందరికీ తేలిపోయింది. అతను విడమరచి చెప్పబోయాడు. ఆ దిబ్బ మీద ఇసుక తెల్లగా, పొడిగా ఉండి బాగా కాలుతుందట, కాలిన ఇసుక మీది గాలి వేడెక్కి పైకి లేస్తుందట, మోటారు ఆపేసినా ఆ గాలి మనిషిని మోస్తుందట. గద్దలు కూడా ఆ గాలి కోసమే అక్కడ తిరుగుతాయన్నాడు.

పేరమ్మ వెనక నుంచి లేచింది. “గద్దలు నా చేపల కోసం తిరగతాయి సామీ. నువ్వు దేనికోసం తిరగతా ఉండావో అది చెప్పు.”

అందరూ నవ్వారు.

దూరంగా ఉండమని చెప్పి పంపిద్దామని జయరామయ్య అన్నాడు గానీ కామాక్షయ్య పట్టు పట్టి దురాయి వేయించాడు. దురాయి అంటే కాపుల కట్టుబాటు. ఒకసారి వేసి దండోరా కొట్టిస్తే పాలెంలో ఎవరూ దాటకూడదు. గొడుగుబాబుకు ఎవరూ గుక్కెడు నీళ్ళు ఇవ్వకూడదు, పలకరించకూడదు, గొడుగు పరచడానికి చెయ్యి వేయకూడదు, ఆటో ఎక్కించుకోకూడదు. దాటినవాళ్ళు తప్పు డబ్బు కట్టి, షెడ్డులో అందరి ముందూ మొక్కి ఒప్పుకోవాలి. తప్పెట మోగింది. పేరమ్మ ఆ పూట కడుపునిండా అన్నం తిన్నది.

తర్వాత నరేంద్రబాబు పాలెం ఒడ్డున కాలు పెట్టలేదు. మైపాడు బీచి దగ్గర లేచి, అప్పుడప్పుడూ గాలి వాటానికి ఇటు వచ్చేవాడు. ఆకాశానికి దురాయి లేదు కదా. ఆమె తల ఎత్తి చూసేది, ఇసుకలో ఉమ్మేసి వలలు కప్పేది.

ఈ ఏడు ఫాల్గుణంలో ఒక రోజు గాలి పెందలాడే తిరిగింది. రాత్రి వేటకు పోయిన పడవలు వచ్చే వేళని అందరూ రేవుకు పోయారు, దిబ్బ మీద పేరమ్మ ఒక్కతే ఉంది. పైన గొడుగు ఒక పక్కకు ఒరిగింది. మోటారు రెండు సార్లు దగ్గి ఊరుకుంది. చూస్తుండగానే ఆ మనిషి కిందికి దిగి, దిబ్బ మీద కాలు తప్పి, గొడుగుతో సహా ఆమె నెత్తళ్ళ మీద బోర్లా పడ్డాడు.

పేరమ్మ గబగబా పోలేదు. ఇది కూడా నాటకమేమోనని కాసేపు నిలబడే చూసింది. అతను లేవబోయి మడమ పట్టుకుని కూలబడ్డాడు. చెదిరిన చేపల కోసం గద్దలు కిందికి వాలాయి. అతను కూర్చున్న చోటనే టోపీ ఊపి వాటిని తోలుతూ, గుడ్డ మడతల్లో ఇరుక్కున్న నెత్తళ్ళను ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. మొహం నొప్పికి వంకర్లు పోతోంది, చేతులు మాత్రం చేపలు ఏరుతున్నాయి. “తప్పయిపోయిందక్కా, చేపలు పాడు చేశాను” అన్నాడు. నీళ్ళు అడగలేదు, కుండ వైపు చూసి కళ్ళు తిప్పుకున్నాడు. దురాయి సంగతి అతనికీ తెలుసు.

ఆ చూపు తిప్పుకోవడం పేరమ్మకు గుచ్చుకుంది. చుట్టూ ఒకసారి చూసి, చెంబుతో నీళ్ళు ముంచి అతని దోసిట్లో పోసింది.

“తాగు. తాగినాక నిజం చెప్పు.”

అతను తాగాడు. నిజం అంతకు ముందు చెప్పిందేనన్నాడు. ఎండలో కూర్చుని, మడమకు తడిగుడ్డ చుట్టుకుంటూ, అడక్కుండానే తన కథంతా చెప్పుకొచ్చాడు. చదువుకునే రోజుల్లో పట్నంలో గ్లైడర్ల క్లబ్బు ఉండేది. మోటారే లేని విమానాలు, తాడు కట్టి లాగి వదిలితే గాలి మీద తేలేవి. పొద్దున్నే పోయి వరసలో నిలబడితే మధ్యాహ్నానికి ఒక చుట్టు దొరికేది. ఏటేటా మనుషులు తగ్గారు, విమానాలు పాతబడ్డాయి, బాగుచేసే వాళ్ళు లేక ఆ క్లబ్బు మూతపడింది. తర్వాత నలుగురు స్నేహితులు కలిసి ఈ గొడుగులు కొన్నారు. ఒకడికి మోకాళ్ళు పోయాయి. ఒకడి భార్య గొడుగును ఎక్కడ దాచిందో ఇప్పటికీ చెప్పలేదు. ఇంకొకడు కొడుకుకు డ్రోను కొనిచ్చి, నేల మీద కూర్చుని చూస్తే సరిపోయే దానికి ఎగరడం ఎందుకన్నాడు. తను ఒక్కడే మిగిలాడు.

“అంత కష్టపడితే ఏమొస్తాది?” అని పేరమ్మ అడిగింది. ఈసారి నిలదీయడానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది.

ఏమీ రాదన్నాడు అతను. మోటారు ఆపేశాక గాలి తనంతట తాను పైకి ఎత్తుతుంది చూడక్కా, ఆ కాసేపు నన్నెవరో ఊరికే మోస్తున్నట్టు ఉంటుందన్నాడు. పేరమ్మకు అది అర్థం కాలేదు. అబద్ధం అని మాత్రం అనిపించలేదు, అది ఆమెకే వింతగా ఉంది.

రేవు వైపు నుంచి పాలెం కుర్రాడు తిమోతి ఆటో వస్తుంటే ఆమె చెయ్యి ఊపి ఆపింది. దురాయి అని వాడు నసిగితే, తప్పు నేను కట్టుకుంటానులే ఎక్కించుకో అని గదమాయించింది. ఆటో ఎక్కుతూ నరేంద్రబాబు మాటవరసకు అడిగాడు.

“తోపులో పచ్చ రాళ్ళు పాతుతున్నారు కదక్కా, మీరేమన్నా కడుతున్నారా?”

పేరమ్మ ఆటో కమ్మీ పట్టుకుంది. ఏ రాళ్ళని అడిగింది. కింది నుంచి పొదల్లో కనపడవేమో గానీ, పైనుంచి గీత గీసినట్టు కనిపిస్తాయన్నాడు అతను. రోడ్డు దగ్గర మొదలై తోపులో నుంచి వచ్చి, దిబ్బను చుట్టి మళ్ళీ రోడ్డుకే పోతాయట. మొన్న మొన్ననే పెట్టినట్టున్నారన్నాడు. ఆటో పోయింది. పోతూ పోతూ పుల్ల పెట్టి పోయాడనుకుంది పేరమ్మ. దొంగ దొరికినప్పుడు ఇంకొకణ్ణి చూపించడం మామూలే కదా.

కానీ అనుమానం కూర్చోనిచ్చే జబ్బు కాదు. మర్నాడు సర్వి ఆకు ఏరుకునే వంకతో గంప తీసుకుని తోపులోకి పోయింది. తంగేడు పొదను పక్కకు తొలగిస్తే రాయి కనిపించింది, మోకాటి ఎత్తున, నెత్తిన రంగు పూసి ఉంది. ఇంకొంచెం పోతే ఇంకొకటి. ఆమె మొదటి రాయి దగ్గరికే తిరిగి వచ్చి, దాని ముందు చతికిలబడింది.

రంగు చిలకపచ్చ. అందులో పసుపు ఎక్కువ. లేత మామిడాకు.

గోటితో గీకి, ఊడిన పెళ్ళను ఎండకు ఎత్తి చూసింది. ఆ పాలెంలో ఆ పాళ్ళు తెలిసినవాడు చనిపోయిన పెంచలయ్య ఒకడు, బతికి ఉన్న కామాక్షయ్య ఒకడు. పడవకు పూయగా మిగిలిన డబ్బాను పారేయడానికి ప్రాణం ఒప్పలేదు వాడికి. పిసినిగొట్టు గుణం చిన్నప్పటి నుంచీ ఉంది, చింతపిక్కలు కూడా దాచుకునేవాడు. ఎవరో డబ్బా దొంగిలించి ఉంటారని ఆమె తనకు తాను చెప్పుకుంది. కాపులందరూ కలిసి తోపుకు హద్దు వేసుకున్నారేమో అనుకుంది. జన్మలో మొదటిసారి ఆమె అనుమానించకుండా ఉండటానికి కష్టపడింది. సాధ్యం కాలేదు. దురాయి వేయించడానికి వాడు పట్టిన పట్టు గుర్తుకొచ్చింది. పైనుంచి చూసేవాణ్ణి తరిమేయాలన్న తొందర ఎవరికి ఉంటుందో అప్పుడు అర్థమైంది. ఆ తొందరకు తన నోరే తప్పెట అయిందని అర్థమై, తోపులో ఒక్కతే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

నీళ్ళు పోయడం రేవు నుంచి తిరిగొస్తున్న కామమ్మ చూడనే చూసింది, చూశాక చెప్పకుండా ఉంటే ఆమె కామమ్మ కాదు. కాపులు మళ్ళీ షెడ్డులో కూర్చున్నారు. పేరమ్మ గంప చంకన పెట్టుకుని వచ్చింది. కామాక్షయ్య మెత్తగా మాట్లాడాడు. ఒప్పుకుని మొక్కేస్తే అయిపోతుందక్కా, తప్పు నేను కడతానులే అన్నాడు.

ఆమె ఒప్పుకుంది. నీళ్ళు ఇచ్చాను, ఆటో ఎక్కించాను అని చెప్పి, పెద్దల ముందు వంగి మొక్కింది. లేచి, తోపులో పెరికి తెచ్చిన రాయిని గంపలో నుంచి బరువుగా ఎత్తి తమ్ముడి కాళ్ళ ముందు పెట్టింది.

“ఇది నా మొగుడు కలిపిన రంగు. నా దిబ్బ చుట్టూ రాళ్ళు పాతి ఎవురు పూసినారో ఆ మనిషినే చెప్పమనండి.”

జయరామయ్య వంగి రాయిని చూశాడు. తర్వాత రేవులో కట్టి ఉన్న పడవ వైపు చూశాడు. షెడ్డులో ఉన్న మగవాళ్ళందరి తలలూ ఒక్కొక్కటిగా అటు తిరిగాయి. రంగులు కలుపుకున్న చేతులకు చెప్పాల్సిన పని లేదు.

కామాక్షయ్య బుకాయించలేదు, అది వాడి అదృష్టం. తల వంచుకుని అన్నాడు. “నీకూ వాటా పెట్టినానక్కా.”

ఆ ఒక్క మాటతో ఆమెకు మిగిలిన కాస్త ఆశా తెగిపోయింది. వాడు ఇంకా ఏదో చెబుతున్నాడు. కాగితం లేని నేల, ఎట్లాగూ ఎవరో ఒకరు లాక్కుంటారు, హోటలు కట్టే వాళ్ళు వచ్చి అడిగారు, పరాయివాళ్ళు తినే బదులు మనమే అమ్ముకుంటే తప్పేముందన్నాడు. తోపు ఊరందరిదీ కదరా అని జయరామయ్య కేకేశాడు. కుర్రకారు లేచి గోల చేశారు. పేరమ్మ ఆ గోలలో కలవలేదు. సద్దుమణిగాక, తమ్ముడి దగ్గరికి పోయి అడగాల్సింది ఒక్కటే అడిగింది.

“పడవ ఉంచుకో నాయనా. రంగు మార్చు.”

మర్నాడు పాలెం వాళ్ళు రాళ్ళన్నీ పెరికేశారు. కొన్ని ఒడ్డు నుంచి లాగే అలివి వలకు బరువులుగా పనికొచ్చాయి. దిబ్బ శాశ్వతంగా దక్కిందని చెప్పలేం. కాగితం లేని నేల ఇప్పటికీ కాగితం లేనిదే, వచ్చేవాళ్ళు మళ్ళీ వస్తారు. ప్రస్తుతానికి పేరమ్మ చేపలు పేరమ్మ దిబ్బ మీద ఎండుతున్నాయి. కామాక్షయ్య పడవ నీలంగా మారింది. సాయంత్రం పడవలు తిరిగొచ్చేటప్పుడు ఆమె ఇప్పుడు సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. చూడటానికి అక్కడేమీ లేదు.

దురాయి ఎత్తేశారు. ఆ మాట తిమోతి చేత బుచ్చిరెడ్డిపాలెం పంపితే, నరేంద్రబాబు ఏటా వేసవిలో సర్కారు పెట్టే వేట నిషేధం మొదలు కావడానికి వారం ముందు కారులో వచ్చాడు. మడమ తగ్గింది గానీ కొంచెం ఈడుస్తున్నాడు. కారు నడిపింది అతని భార్య సుప్రియ. ఆమె దిగీ దిగగానే పేరమ్మను కింది నుంచి పైదాకా చూసింది. ఆదివారాలన్నీ సముద్రం దగ్గర ఈయనకేం పని అని ఇన్నేళ్ళూ ఆమెకూ ఒక అనుమానం ఉండేదట. ఎండుచేపల వాసన వేస్తున్న పేరమ్మను చూశాక అది తీరిపోయిందని నవ్వుతూ చెప్పేసింది. అనుమానించే మనిషి కాబట్టి పేరమ్మకు ఆమె వెంటనే నచ్చింది.

ఇదే ఆఖరు అన్నాడు నరేంద్రబాబు. గుడ్డ పాతబడింది, గాలి నిలవడం లేదు. అమ్ముదామంటే కొనేవాడు లేడు, నేర్పుదామంటే నేర్చుకునేవాడు లేడు. అక్క ఒప్పుకుంటే ఈ ఒక్కసారి దిబ్బ మీద తిరిగి, తర్వాత అటక మీద పెట్టేస్తానన్నాడు. ఇన్నాళ్ళూ వీటికి పోసిన డబ్బుతో మేడ మీద మేడ లేచేదని సుప్రియ గొణిగింది. గొణుగుతూనే గొడుగు అంచు పట్టుకుని మడతలు సరిచేసింది.

తెల్లవారే పడవల నుంచి దించిన నెత్తళ్ళు గంపల్లో ఎదురుచూస్తున్నాయి. ఆ పూట ఎండ తప్పితే అవి చెడిపోతాయి. నిషేధం ముందు దొరికే ఆఖరి సరుకు అది. చేపలు పరిస్తే ఇసుక సరిగ్గా కాలదనీ, గద్దలు వాలి గొడుగు దారాలకు అడ్డం పడతాయనీ దిబ్బ మీద పడిన రోజున అతను చెప్పాడు. ఇప్పుడు మాత్రం ఆ మాట ఎత్తలేదు, ఎత్తడని కూడా ఆమెకు తెలుసు. పేరమ్మ గంపల వైపు చూసింది, దిబ్బ వైపు చూసింది. గంపలు నీడకు లాగి తడి గోతాలు కప్పేసింది. చీపురు తీసుకుని, పాత పొలుసూ వల ముక్కా లేకుండా దిబ్బనంతా ఊడ్చింది. తెల్లటి ఇసుక ఎండకు కాలడం మొదలుపెట్టింది.

అతను లేచాడు. దిబ్బ మీదికి వచ్చి మోటారు ఆపేశాడు. గొడుగు ఒక క్షణం తటపటాయించి, తర్వాత ఎవరో అరచేత్తో కింది నుంచి ఎత్తినట్టు పైకి పోయింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. దూరంగా ఉన్న గద్ద ఒకటి వచ్చి అతని పక్కనే తిరగసాగింది. కింద చేపలు లేవు. పేరమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ గద్దను చాలాసేపు చూసింది.

సుప్రియ పక్కన నిలబడి కళ్ళు ఒత్తుకుంటోంది.

కారు పోయాక కామమ్మ వచ్చింది. గంపల మీద గోతాలు ఎత్తి, మెత్తబడిన చేపలను చూసి ముక్కు మూసుకుంది. ఇంత సరుకు పాడు చేసుకున్నావే, ఆ బాబు ఏమిచ్చాడని అడిగింది.

“ఏమీ ఇయ్యలే. ఊరికే” అంది పేరమ్మ.

కామమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. ఇంకేమీ అడగకుండా చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. పొద్దు గూకేలోగా పాలెమంతా ఒకటే మాట: పేరమ్మ దిబ్బను గొడుగుబాబుకు అమ్మేసింది, బేరం కుదిరింది కాబట్టే ఆ పూట చేపలు కూడా ఎండేయలేదు. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది. వాళ్ళను ఆమె తప్పు పట్టలేదు. వాళ్ళ చోట తనుంటే తనూ అట్లాగే అనుకునేది.